పామిడి టవరు నిండిన రోజు

పెన్నలో నీళ్ళు పారడం చూసి పామిడి వాళ్ళకు ఏళ్ళయింది. అందుకే ఆ సెప్టెంబరులో, పైన ఎక్కడో పడిన వానలకు ఎర్రటి నీళ్ళు ఇసుకను కప్పేస్తూ వస్తున్నాయని తెలియగానే ఊరు ఊరంతా గట్టుకు పరుగెత్తింది. పరుగెత్తిన వాళ్ళలో సగం మంది చేతుల్లో ఫోన్లున్నాయి. బెంగుళూరులో కూలికి పోయిన తమ్ముడికి, తాడిపత్రిలో ఇచ్చిన చెల్లెలికి, బళ్ళారిలో ఉండే మామకు అందరూ ఒకే మాట చెప్పాలి. ఏరొచ్చింది.

ఆ సంబరం అనంతపురంలో, ఒక మొబైల్ కంపెనీ ఆఫీసు మేడమీది గదిలో కూర్చున్న హేమకు కంప్యూటరు తెరమీద, టవరు రద్దీని చూపే ఎర్ర గీతలాగా కనబడింది. హేమ కంబదూరు దగ్గరి పల్లెలో రైతుబిడ్డ. ఇంజనీరింగు చదివి, జిల్లాలో కంపెనీ టవర్లన్నీ సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూసే ఉద్యోగంలో చేరింది. పామిడికి వాళ్ళ టవరు ఒక్కటే. అది ఒకేసారి మోయగలిగింది ముప్పై చిల్లర ఫోన్ల మాటలు. అంతకు మించి ఎవరు చేసినా ఫోను కుయ్యిమని ఆగిపోతుంది. ఏరొచ్చిందన్న కబురు అప్పటికే ఆఫీసుకు చేరింది కాబట్టి హేమ కంగారు పడలేదు. చెప్పుకోనీ పాపం, ఎన్నాళ్ళకు వచ్చిన నీళ్ళో అనుకుని నవ్వుకుంది.

అంతలో బల్లమీది ల్యాండ్ లైను మోగింది.

"మేడం, నేను తిమ్మప్పను. పామిడి టవరుకాడ జనరేటరు చూసుకుంటాను కదా. ఎస్టీడీ బూతు నుంచి చేస్తాండా. ఒకామె వచ్చి మీ టవరు చెడిపోయిందని నన్ను పట్టుకోనుండాది. నేను చెప్తే ఇనడంలేదు. మీరే మాట్లాడండి."

అతని చేతిలోంచి ఫోను లాక్కున్నట్టే వచ్చింది ఆడమనిషి గొంతు.

"నా పేరు నల్లమ్మ. మా ఆయన ఎర్రన్న ఏట్లో ఉండాడమ్మా. మా మామ కూడా ఆయనతోనే ఉండాడు. పొద్దున్నే గొర్లు తోలుకోని దిగినారు. నీళ్ళు రెండు పక్కలా తిరుక్కున్యాయంట. ఒక్కసారి ఫోను చేసి నడి ఏట్లో ఉండాం అన్యాడు, అంతలోకే కట్టయిపాయ. అప్పట్నుంచి లైను దొరకల్యా. ఫైరోళ్ళు తాళ్ళు తెచ్చుకోని వంతెనకాడ నిలబడుకోనుండారు. యాడుండాడో తెలిస్తే కదా వాళ్ళు పోయేది."

హేమ నవ్వు ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. "ఆయన ఫోను నంబరు చెప్పక్కా. నువ్వు ఆ బూతులోనే ఉండు, యాడికీ పోవద్దు," అంది.

చెయ్యడానికి ఒక దారి వెంటనే తోచింది. ఒక మాట పట్టే చోట రెండు మాటలు ఇరికించే ఏర్పాటు టవరులో ఉంది. అలా చేస్తే గొంతులు బొంగురుపోతాయి, మాట స్పష్టంగా వినబడదు. అందుకే కంపెనీ వాళ్ళు దాన్ని మూసే ఉంచుతారు. హేమ హైదరాబాదులో ఉన్న తన పై అధికారి శ్రీకాంత్‌కు తన సెల్‌ఫోను నుంచి చేసి సంగతి చెప్పింది.

"ఈ వారమే మాట నాణ్యత మీద తనిఖీ జరుగుతోంది, హేమా. ఫిర్యాదులు వస్తాయి," అన్నాడతను. మరుక్షణమే, "సరే, పెట్టెయ్. ఫిర్యాదులు నేను చూసుకుంటాను," అన్నాడు.

హేమ మార్చింది. గీత కాస్త దిగింది. దిగినంత సేపు పట్టలేదు, మళ్ళీ ఎగబాకింది. లైను దొరకనివాళ్ళంతా అదే పనిగా నొక్కుతున్నారు మరి. దొరికిన చోటల్లా ఇంకొకరు దూరుతున్నారు. ఎర్రన్న నంబరుకు హేమ తనే చేసి చూసింది. పోలేదు.

ఇక మిగిలింది రెండో దారి. సిమ్ కార్డులన్నీ పది గుంపులుగా ఉంటాయి. టవరు ఏ గుంపును దూరంగా ఉండమంటే ఆ గుంపు ఫోన్లు దాని జోలికి రావు. ఎర్రన్న కార్డు ఏ గుంపుదో కంప్యూటరులో దొరికింది. అది ఒక్కటీ ఉంచి, మిగతా తొమ్మిదింటినీ ఆపేస్తే ఆయనకు దారి దొరుకుతుంది. కానీ ఆ ఆపినవాళ్ళలో ఎవరికి ఏ ఆపద ఉందో ఎవరికి తెలుసు? ఇంకెవరైనా నీళ్ళలో చిక్కుకుని ఉంటే? ఎవరింట్లోనైనా మనిషి పడిపోయి 108కి చేస్తూ ఉంటే? శ్రీకాంత్‌కు మళ్ళీ చేస్తే అతని లైను బిజీగా ఉంది. హేమ వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఊరంతటి నోరు కట్టెయ్యడం అంటే మాటలు కాదు.

"పాపా, ఉండావా?" అంది నల్లమ్మ. గొంతులో ఏడుపు లేదు. అది వింటే హేమకు ఇంకా భయమేసింది.

"ఉండానక్కా. ఆ బూతులో రెండో ఫోను ఉండాదా?"

"ఉండాది."

"ఇది పెట్టెయ్యొద్దు, తిమ్మప్పన్న చేతికియ్యి. నేను ఊ అన్నాక రెండో దాంట్లోంచి మీ ఆయనకు చెయ్యి. ముందు యాడుండాడో అడుగు. మిగతా మాటలన్నీ తర్వాత."

హేమ తొమ్మిది గుంపులనూ ఆపింది. అప్పటికే మాట్లాడుతున్నవాళ్ళ మాటలు ఒక్కొక్కటే ముగుస్తుంటే గీత మెట్లు దిగినట్టు దిగింది. టవరులో చోటు కనబడగానే "ఊ, చెయ్యమను," అంది.

ఫోనులో ఎస్టీడీ బూతు గది చప్పుళ్ళు వినబడుతున్నాయి. ఎవరో దగ్గారు. నంబరు నొక్కిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. ఆయన ఫోను తడిసిపోయిందేమో, బ్యాటరీ అయిపోయిందేమో అని హేమ మనసు ఎటెటో పోయింది.

"ఏమప్పా, నేనే. యాడుండావు?"

హేమ కళ్ళు మూసుకుంది.

"ఏ బావి? నీళ్ళ స్కీముదా? పాతదా... వంతెనకు పైనా, కిందనా? మామ నీ పక్కనే ఉండాడా? సరే. పట్టుకోనుండు, వస్తాండారు."

తిమ్మప్ప లైనులోకి వచ్చాడు. "మేడం, వంతెనకు బాగా పైన, తుమ్మచెట్ల అవతల, పాత తాగునీళ్ళ బావి సిమెంటు గట్టు మీద ఎక్కి కూర్చోనుండారంట. ఈడ బండి ఉండాది, నేనే పోయి ఫైరోళ్ళకు చెప్తా." మోటారు సైకిలు చప్పుడు దూరమైంది.

హేమ ఆలస్యం చెయ్యకుండా తొమ్మిది గుంపులనూ వదిలేసింది. గీత మళ్ళీ పైకి లేచింది. బొంగురు గొంతుల ఏర్పాటు మాత్రం అలాగే ఉంచింది. ఆ తర్వాత చెయ్యడానికి పని లేక, కూర్చోలేక, గదిలో అటూ ఇటూ తిరిగింది. శ్రీకాంత్ ఫోను చేస్తే తను చేసిందంతా దాచకుండా చెప్పింది. అతను తిట్టలేదు. "ఏమైందో తెలియగానే నాకు చెప్పు," అని మాత్రం అన్నాడు.

పొద్దు వాలుతుండగా ల్యాండ్ లైను మోగింది. ఈసారి మగ గొంతు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"మేడం, నేను ఎర్రన్నను. గట్టుకొచ్చినాం. నాయనను ముందు దాటించినారు, తర్వాత నన్ను. గొర్లు శానా మటుకు ఏట్లో ఇసుక దిబ్బ మీదే ఉండాయి, నీళ్ళు తీస్తాండాయి. నాలుగు కొట్టుకపాయ. పోనీలే."

"మీ నాయనకు ఎట్లుండాది?"

"బాగుండాడు. టీ తాగుతాండాడు. చక్కెర తక్కువైందని అంటాండాడు."

వెనకనుంచి నల్లమ్మ ఏదో అంది. ఎర్రన్న నవ్వాడు. "మీ ఫోన్లో నా గొంతు కుండలోంచి వచ్చినట్టుండెనంట. మొదట నేను కాదనుకునిందంట. ఆ గొంతయినా ఇనబడింది, అది చాలంటాంది."

హేమకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. "ముందు తడిగుడ్డలు మార్చుకోన్నా," అని ఫోను పెట్టేసింది. శ్రీకాంత్‌కు చెప్పింది. అతను పెద్దగా ఊపిరి వదలడం ఆమెకు వినబడింది. ఆ మధ్యాహ్నం పామిడిలో ఇంకెవరికీ ఏమీ కాలేదని తిమ్మప్ప ఊరు తిరిగి వచ్చి చెప్పాకగాని హేమ మనసు పూర్తిగా కుదుటపడలేదు. అప్పుడు తెలిసింది, పొద్దున తెచ్చుకున్న అన్నం డబ్బా ఇంకా మూత తియ్యలేదని.

అన్నం తిని, కంబదూరు పక్క ఊర్లోని నాయనకు ఫోను చేసింది. జరిగినదంతా చెప్పింది.

"ఆడ వానెట్లుండాది నాయనా?"

"ఈడ చినుకు లేదు. శెనిగచెట్టు వాడుతాంది."

హేమ ఖాళీ డబ్బాకు మూత పెట్టింది.

"పామిడిలో ఏరు బాగా వచ్చిందా?" అని ఆయనే అడిగాడు. "గట్లెంబడీ పారిందా? చెప్పు, ఇంటా. ఈడ చెప్పేటోళ్ళు ఎవరూ లేరు."

హేమ కుర్చీ వెనక్కి వాల్చి, తను చూడని ఏరును చూసినట్టుగా నాయనకు చెప్పడం మొదలుపెట్టింది.