పైడిరాజు చిత్తుప్రతి

"ఆ అంకెలు నావి కావండి," అన్నాడు పైడిరాజు. "మా వీరరాఘవమ్మ గారివండి. ఆవిడ మద్రాసులో చదివేటప్పుడు కొలిచారండి."

ఈ గొడుగెవరిదయ్యా అని అడిగితే ఫలానా వారిదండీ అని చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. గది చివర గోడవారగా కూర్చున్న వీరరాఘవమ్మకి తన పేరు వినపడగానే మొదట సంతోషమే కలిగింది. ఏం విన్నదో అర్థమయ్యేసరికి ఆ సంతోషం కాస్తా పోయింది.

అది తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు మేడమీది హాలు. కింద మిల్లు ఆడుతోంది. ఊక ధూళి కిటికీ చువ్వల మీద పేరుకుని ఉంది. బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో మిల్లు యజమాని నరసింహరాజు గారు, ఆయనకి కుడివైపు రిటైరయిన ప్రిన్సిపాలొకాయన, ఎడమవైపు వాల్తేరు నుంచి వచ్చిన ప్రొఫెసరు గారు. నరసింహరాజు గారు తండ్రి పేరు మీద ఒక ఫెలోషిప్పు పెట్టారు. ఏటా జిల్లా మొత్తం మీద డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న ఒక్కరిని ఎంచుకుని వాల్తేరులో ఎమ్మెస్సీ చదివిస్తారు. ఫస్టుక్లాసు వస్తే ఓడెక్కించి పైదేశానికి పంపిస్తారు. ఎంపికకి ముందు ఒక వ్యాసం రాసి పంపాలి. వ్యాసం నచ్చినవాళ్లనే ఇంటర్వ్యూకి పిలుస్తారు. సిఫార్సు చేసిన లెక్చరరు వచ్చి వెనక కూర్చోవచ్చు, నోరు మాత్రం మెదపకూడదు.

వీరరాఘవమ్మ ఏలూరు కాలేజీలో బోటనీ చెప్పేది. ఫెలోషిప్పు మొదలైన దగ్గరనుంచీ ఎవరో ఒకరిని సిఫార్సు చేస్తూనే ఉంది, ఒక్కరినీ గూడెం దాకా పిలవలేదు. భీమవరం వాళ్లకొచ్చింది, నరసాపురం వాళ్లకొచ్చింది. స్టాఫు రూములో ఆ మాట వచ్చినప్పుడల్లా ఆవిడ లేచి వెళ్లిపోయేది.

అలాంటి రోజుల్లో ఈ పైడిరాజు దొరికాడు. కొల్లేటి లంకలో చేపలు పట్టుకు బతికేవాళ్ల పిల్లాడు. ఆ లంకలోంచి డిగ్రీ దాకా వచ్చినవాడు అతనొక్కడే. ఒకరోజు క్లాసులో నీటిమొక్కల పాఠం జరుగుతుంటే లేచి నిలబడ్డాడు. "గుర్రపుడెక్క కమ్మేసిన చోట తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయండి. ఎండెక్కాక మళ్లీ కిందకెళ్లిపోతాయండి. ఎందుకండీ?" అని అడిగాడు. ఆవిడకి పాఠం మీద మనసు పోలేదు. సాయంత్రం పిలిచి, "ఇదంతా రాయి, ఫెలోషిప్పుకి పంపిద్దాం," అంది.

వేసవి సెలవులన్నీ కూర్చుని రాశాడు. కట్ట తెచ్చి చేతిలో పెట్టాడు. ఇంగ్లీషు కుంటుతోంది. కానీ ఏ లంక దగ్గర ఎప్పుడు కలుపు పట్టింది, ఏ చేప ముందు చచ్చింది, ఏది ఓర్చుకుంది, అన్నీ ఉన్నాయి. మధ్యలో వాళ్ల నాన్న సంగతి ఉంది. దోనె గుర్రపుడెక్కలో ఇరుక్కుంటే తోయడానికి నీళ్లలోకి దిగి, కాళ్లకి వేళ్లు చుట్టుకుని పైకి రాలేకపోయాడాయన. వీరరాఘవమ్మ ఆ కాగితాలు తీసి పక్కన పెట్టింది. "ఇది మనసుకి సంబంధించింది పైడిరాజూ, సైన్సులో అక్కర్లేదు," అంది. అతను తలూపాడు.

మొదట తప్పులే దిద్దింది. తర్వాత వాక్యాలు మార్చింది. అదేం చిత్రమో, దిద్దుతున్నకొద్దీ ఇంకా దిద్దాలనిపించింది. చివరికొచ్చేసరికి అతని వాక్యం ఒక్కటీ మిగల్లేదు. చేపలకి గాలి చాలక చచ్చిపోతున్నాయని రుజువు చెయ్యాలంటే నీళ్లలో ప్రాణవాయువు ఎంతుందో అంకెలు కావాలి. తను మద్రాసులో చదివే రోజుల్లో ఒక చెరువులో కొలిచిన అంకెలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. నీళ్లెక్కడైనా నీళ్లే కదా అనుకుంది. పట్టిక గీసి పైన కొల్లేరు అని రాసింది. పైడిరాజు గుండ్రటి చేతిరాతతో మొత్తం సాపు రాసిచ్చాడు. ఇవేం అంకెలండీ అని అడిగితే, "నేను మద్రాసులో కొలిచినవి. నువ్వు చెప్పినదానికి బలంగా ఉంటాయి," అంది. సిఫార్సంటే అదే కాబోలనుకున్నాడు అతను. పెద్దవాళ్లు ఒక చెయ్యి వెయ్యడం. వాళ్ల లంకలో వల ఒక్కడే లాగడు.

ఇప్పుడు ప్రొఫెసరు గారు కాగితాలు దగ్గరికి లాక్కున్నారు.

"మద్రాసులోనా? ఇక్కడ కొల్లేరని ఉందే."

"అవునండి, అలాగే ఉందండి."

"ఈ దస్తూరీ నీదేనా?"

"నాదేనండి. అమ్మగారు రాసిచ్చింది నేను సాపు రాశానండి."

"ఏది, ఈ పట్టికా?"

"మొత్తం అండి. ముందు నేను రాసి ఇచ్చానండి. తప్పులెక్కువున్నాయని ఆవిడే మళ్లీ రాశారండి. చాలా కష్టపడ్డారండి నా కోసం." అని వెనక్కి తిరిగి ఆవిణ్ణి చూసి నవ్వాడు. ఆవిడకి దక్కాల్సిన గౌరవం ఆవిడకి దక్కేలా చూశానన్న తృప్తి ఆ నవ్వులో ఉంది.

నరసింహరాజు గారు చేతిలో టీ కప్పు బల్లమీద పెట్టేశారు. "ఏవండీ లెక్చరరు గారూ, ఈ కుర్రాడు చెప్పేది నిజమేనాండీ?"

వీరరాఘవమ్మ లేచి నిలబడింది. ఏం చెప్పాలో ఆలోచించనేలేదు. మాట దానంతటదే వచ్చేసింది.

"కుర్రాడు... కంగారుపడుతున్నాడండీ."

తన గొంతు తనకే ఎవరిదో అన్నట్టు వినిపించింది. పైడిరాజు ముఖంలో నవ్వు అలాగే ఉంది, కానీ కళ్లలో ఆరిపోయింది. అతను ఆవిణ్ణి చూశాడు, బల్ల అవతలివాళ్లని చూశాడు, మళ్లీ ఆవిణ్ణి చూశాడు. తను చెప్పకూడనిదేదో చెప్పానని అప్పటికి తట్టింది పాపం.

"కంగారేం లేదండీ," అన్నాడు నెమ్మదిగా. "నేనేమన్నా తప్పు చెప్పానాండీ?"

ఆ ప్రశ్న బోర్డు వాళ్లని కాదు, ఆవిణ్ణి అడిగాడు. వీరరాఘవమ్మ కుర్చీ పట్టుకుంది.

"లేదు. అతను చెప్పింది నిజమేనండి," అంది. "కంగారుపడ్డది నేను."

ప్రిన్సిపాలు గారు కళ్లజోడు తీసేసి బల్ల వంక చూస్తూ కూర్చున్నారు. నరసింహరాజు గారు ఇద్దరినీ బయట కూర్చోమన్నారు. ఆ తర్వాత విజయకుమారి అనే నరసాపురం అమ్మాయిని పిలిచారు. ఆ అమ్మాయి లోపలికెళుతూ పైడిరాజుతో, "ఏం అడిగారండీ?" అంది. "బాగానే అడిగారండి," అన్నాడు.

ఫెలోషిప్పు ఆ అమ్మాయికే వచ్చింది. గుమాస్తా వచ్చి చెప్పాడు. పైడిరాజు వెళ్లి ఆ అమ్మాయికి నమస్కారం పెట్టి వచ్చాడు. వీరరాఘవమ్మ అతన్ని మెట్ల దగ్గరే ఉండమని తను మళ్లీ లోపలికెళ్లింది.

"తప్పంతా నాదండీ," అంది. "అతనికి తెలీదు. మీ ఎదురుగుండానే కూర్చోబెట్టి మళ్లీ రాయించండి. పోనీ నోటితో అడగండి."

"మాకు తెలుస్తూనే ఉందండీ అతనిది తప్పు కాదని," అన్నారు నరసింహరాజు గారు. ఆయనకి కోపం రాలేదు. అదే ఎక్కువ బాధపెట్టింది ఆవిణ్ణి. "కానీ ఆ అమ్మాయికి చెప్పేశాం. తనంతట తను రాసుకున్న పిల్ల. నోటిదగ్గర ముద్ద లాక్కోమంటారాండీ?"

వీరరాఘవమ్మ తలుపు వైపు తిరిగింది.

"మీ ప్రిన్సిపాలు గారికి ఈ సంగతి చెప్పక తప్పదు నాకు," అన్నారు ప్రొఫెసరు గారు. తర్వాత, "ఆ కుర్రాడు మొదట రాసింది ఉంది కదూ? అది నాకు పంపించండి. ఫెలోషిప్పు సంగతి వేరు. నాకు చదవాలనుంది," అన్నారు.

"అలాగేనండి, తప్పకుండా," అంది వీరరాఘవమ్మ. ఆ మాట పట్టుకుని, కాస్త ప్రాణం లేచొచ్చినట్టయి, మెట్లు దిగింది.

స్టేషన్లో ప్యాసింజరు ఇంకా రాలేదు. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. పైడిరాజు పట్టాల వంక చూస్తూ ఉన్నాడు. చివరికి, "నేను సరిగ్గా చెప్పలేకపోయానండి. మీకు మాట తెచ్చాను," అన్నాడు.

వీరరాఘవమ్మ ఉలిక్కిపడింది. ఇంతసేపూ ఆ కుర్రాడు తప్పు తనదే అనుకుంటున్నాడు. అలా అనుకోనిచ్చినా అడిగేవాడు లేడు.

"కాదు పైడిరాజూ. నువ్వు నిజం చెప్పావు. అబద్ధం నాది. ఆ అంకెలు కొల్లేటివని రాయడం దొంగతనంలాంటిది. నీ చేత చేయించాను. ఫెలోషిప్పు నీకు రాకపోవడం నా వల్లే."

అతను తలొంచుకుని విన్నాడు. "అంటే నేను రాసింది పంపితే పిలిచేవారాండీ?"

"ఏమో. పిలిచేవారేమో."

రైలు సిగ్నలు పడింది. పైడిరాజు లేచి నిలబడ్డాడు. "అమ్మగారూ, ఒకటడగనాండీ? మా నాన్న సంగతి రాసిన కాగితాలు ఇప్పించండి. అవి మీకక్కర్లేదన్నారు కదండీ. మా అమ్మ చెబుతుంటే రాసుకున్నాను. దగ్గరుంచుకుంటాను."

వీరరాఘవమ్మ ఇస్తానందామని నోరు తెరిచింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ కట్ట కాగితాల వెనకవైపు ఖాళీగా ఉంటే, తన చిత్తు అంతా వాటిమీదే రాసుకుంది. సాపు ప్రతి పోస్టు చేసిన రోజున, ఇల్లు సర్దుతూ, ఆ కట్టంతా చేతులారా తీసి పనిమనిషి సూరమ్మకిచ్చింది. నీళ్లకాగు కింద వేసుకోమని. మంట బాగా రాజిందని సూరమ్మ అనడం కూడా గుర్తొచ్చింది. ఆ నీళ్లతో తను తలంటుకుంది.

"పైడిరాజూ," అంది.

అతను ఆవిడ ముఖంలోకి చూశాడు. "పోయాయాండీ?"

"పొయ్యిలో..."

"అన్నీనాండీ?"

రైలొచ్చి ఆగింది. అతను ఆవిడ సంచీ అందుకుని ఆడవాళ్ల పెట్టెలో పెట్టాడు. తను ఇంకో పెట్టెకి వెళ్లాడు. ఏలూరులో దిగి ఆవిడ ప్లాటుఫారమంతా వెతికితే కనిపించలేదు. దెందులూరులోనే దిగిపోయి నడిచి వెళ్లాడని తర్వాత తెలిసింది.

కాలేజీలో ప్రిన్సిపాలు గారు తలుపేసి మాట్లాడారు. ఇకమీదట ఆవిడ ఎవరినీ సిఫార్సు చెయ్యడానికి వీల్లేదన్నారు. వీరరాఘవమ్మ తలూపి వచ్చేసింది. పైడిరాజు క్లాసుకి రావడం మానేశాడు. వారం చూసి ఆవిడే కొల్లేటికి బయల్దేరింది.

దోనెలో లంకకి చేరేసరికి ఎండ నెత్తికొచ్చింది. పైడిరాజు వేటకెళ్లాడట. అతని తల్లి గంగమ్మ పరుగున వచ్చి కాళ్లకి నీళ్లిచ్చింది, మంచం వాల్చింది, కొబ్బరిబొండాం కొట్టించింది. "మా వాడు మీ పేరెత్తకుండా అన్నం తినడండీ," అంది. తనకి ఫెలోషిప్పు రాలేదు, వచ్చే ఏడు చూద్దామన్నారు అని మాత్రమే చెప్పాడట తల్లికి.

వీరరాఘవమ్మ అంతా చెప్పింది. కాగు సంగతి కూడా దాచలేదు. గంగమ్మకి ఫెలోషిప్పులూ పట్టికలూ ఎంతవరకు ఎక్కాయో తెలీదు. కానీ కాగితాలు కాలిపోయాయన్న చోట చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"అంత బాగోలేదాండీ మా వాడు రాసింది?"

"బాగుంది గంగమ్మా."

"మరెందుకండీ మార్చేశారు?"

తిట్టినా బాగుండేది. ఆవిడ నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

పైడిరాజు పొద్దువాలాక వచ్చాడు. ఆవిణ్ణి చూసి నమస్కారం పెట్టాడు కానీ కూర్చోలేదు. మళ్లీ రాయమని బతిమాలింది ఆవిడ. ప్రొఫెసరు గారు అడిగారని చెప్పింది.

"రాదులెండి," అన్నాడు. "అప్పుడు మా అమ్మ చెబుతుంటే ఇద్దరం ఏడ్చుకుంటూ రాశాం. ఇప్పుడు కూర్చుంటే మీరు రాసిందే గుర్తొస్తోందండి. నా మాటలు గుర్తురావట్లేదు."

వీరరాఘవమ్మ లేచింది. తిరుగు దోనెలో కూర్చుని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఏమీ చూడకుండా ఒడ్డుదాకా వచ్చింది.

అతను కాలేజీకి తిరిగొచ్చాడు, పరీక్షలు రాశాడు, పాసయ్యాడు. క్లాసులో వెనక బెంచీలో కూర్చునేవాడు. ప్రశ్నలు అడగడం మానేశాడు. సర్టిఫికెట్టు తీసుకోవడానికొచ్చిన రోజున ల్యాబ్‌లోకి వచ్చి, వాల్తేరు సీటుకి దరఖాస్తు పెట్టుకున్నానని చెప్పాడు. అక్కడ యూనివర్సిటీ వాళ్ల స్కాలర్‌షిప్పు చిన్నదేదో ఉందట, దానికీ వ్యాసం రాయాలట.

"రాశావా?" అంది వీరరాఘవమ్మ.

"రాసి పోస్టు చేసేశానండి. ఎవరికీ చూపించలేదు. తప్పులున్నాయేమో మరి."

ఒక్కసారి చూపిస్తావా అని నోటిదాకా వచ్చింది. మింగేసింది. "వెళ్లిరా నాయనా," అంది.

సీటు వచ్చింది. స్కాలర్‌షిప్పు మాత్రం ఇంకెవరికో వెళ్లింది. అతను సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుంటూ చదువుకుంటున్నాడని విజయకుమారి ఒకసారి ఏలూరు వచ్చినప్పుడు చెప్పింది. ఇద్దరూ అక్కడ ఒకే క్లాసు.

"మీ గురించి అతన్ని అప్పుడప్పుడు అడుగుతుంటానండీ," అంది ఆ అమ్మాయి. "మంచివారని చెప్తాడు. ఇంకేం చెప్పడు."