పక్క సీటులో తడి

"ఈ వానలో ఆ కారుతోనా? తగ్గనీ, చూద్దాం," అన్నాడు భర్త, కంచంలోంచి తల ఎత్తకుండా.

ఆమెకు ఆ మాట కొత్త కాదు. కిందటి వానాకాలంలో అమ్మకు ప్రాణం మీదికొచ్చిందని కబురొచ్చినప్పుడూ ఇదే మాట. ఆ రోజు వాన తగ్గాక, భోజనాలయ్యాక, ఆయన కునుకు తీసి లేచాక బయల్దేరారు. వెళ్ళేసరికి అమ్మ కళ్ళు ఎవరో మూసేశారు. "పొద్దుటి దాకా నీ పేరేనే," అని అక్క ఒక్క మాట అని ఊరుకుంది. తిట్టినా బాగుండేది. ఇప్పుడు ఆ అక్కకే గుండె ఆపరేషన్. రేపు పొద్దున్నే లోపలికి తీసుకెళ్తారు. "ఈలోపు నీ మొహం ఒకసారి చూపించి పోవే, మళ్ళీ గుర్తుపడతానో లేదో," అంది ఫోన్లో, తనే నవ్వేస్తూ. అక్క ఊరు కారులో మూడు గంటల దారి. బస్సులు వానకి ఆపేశారు.

కారుకి వచ్చిన జబ్బు పెద్దదేం కాదు. ముందద్దం అడుగున, వైపర్ల మొదట్లో ఉండే పొడుగాటి నల్ల ప్లాస్టిక్ కవరు పగిలింది. పగిలి మూడేళ్ళు. ఆ పగులులోంచి వాన నీళ్ళు కారులోకి దిగుతాయి. దిగేది ఆయన వైపు కాదు, ఆమె కూర్చునే వైపు. అందుకే బాగుచేయించడానికి ఎవరికీ తొందర లేకపోయింది. వానాకాలమంతా కాళ్ళ కింద పాత తువ్వాలు పరుచుకుని, చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నానిన పాదాలతో ఆఫీసులో అడుగుపెడితే పక్క టేబులావిడ, "మీ కార్లో చేపలు పెంచుతున్నారా?" అనేది. ఆమె నవ్వేది. నవ్వడం కూడా ఇంటిపని లాంటిదే, చేసినట్టు ఎవరికీ కనిపించదు.

పగలగొట్టింది ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. రోజూ పొద్దున్నే కారు కడిగేది ఆమె కాబట్టి పగలగొట్టిందీ ఆమే. "దుప్పటి ఉతికినట్టు ఉతుకుతుంది కారుని," అన్నాడాయన. "అది చెయ్యా, సుత్తా?" అంది అత్తగారు. వాళ్ళు అనీ అనీ ఆమె కూడా నమ్మింది. అప్పట్నుంచీ పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచేది కారుని.

వాన తెరిపిచ్చింది. భర్త మంచమెక్కగానే ఆమె విడిభాగాల కొట్టుకి నడిచింది. కొట్టతను కొత్త కవరు చేతికిస్తూ, "సార్ని పంపాల్సిందమ్మా," అన్నాడు.

"సారు పడుకున్నారు."

"అయితే మీరే వినండి. వైపర్లు తీసే ముందు అవెక్కడ ఆగి ఉన్నాయో అద్దం మీద టేపు అంటించుకోండి. మళ్ళీ సరిగ్గా ఆ గుర్తు మీదే పెట్టాలి."

ఆమె అలాగే టేపు అంటించింది. ముందు తన వైపు వైపరు మొదట్లో రబ్బరు మూతని గోటితో లేపి, పానాతో నట్టు తిప్పింది. నట్టు వచ్చింది గానీ వైపరు కడ్డీ రాలేదు, తుప్పుపట్టి ఇరుసుని కరుచుకుని ఉంది. వేడినీళ్ళలో ముంచిన గుడ్డని మొదట్లో చుట్టి, నాలుగు చుక్కల నూనె వేసి, అలిగిన పిల్ల చేతిలోంచి కత్తెర తప్పించినంత ఓపికగా అటూ ఇటూ ఊపింది. చివరికి చిన్నగా కిర్రుమని ఊడొచ్చింది.

అప్పుడు కనిపించింది గీత. పాత కవరు మీద, తన వైపు వైపరు ఆగే చోట, లోతుగా, కొడవలి వంపులా. కడ్డీ అడుగు కూడా అక్కడికి సరిపోయేలా అరిగి తెల్లబడింది. ఆ గీత చివరే పగులు మొదలైంది.

మూడేళ్ళ కిందట ఆ వైపర్లు మార్చింది ఆయన. ఈ మాత్రానికి మెకానిక్కెందుకని తనే బిగించాడు. టేపూ లేదు, గుర్తూ లేదు. తర్వాత వచ్చిన మొదటి వానలోనే టక్ టక్ మని చప్పుడు. "ఏదో కొట్టుకుంటోందండి," అంది ఆమె. "అన్ని కార్లూ అంతే. నీ చెవులే పెద్దవి," అన్నాడు. వైపరు ఊపు ఊపుకీ వచ్చి ఆ కవరు మీద కొట్టేది. అది కొడుతున్నంతకాలమూ ఆమె దాని వెనకే, చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పానా పక్కన పెట్టి, ఆ గీత వెంట వేలు పోనిచ్చింది. అమ్మ పోయిన రోజు ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. "లోపలికి నీళ్ళొస్తున్న కార్లో ఎలా పోతాం? నువ్వు చేసుకున్నదేగా." ఆ మాటకే ఆమె నోరు మూతపడింది. అమ్మని చివరిసారి చూడకుండా పోగొట్టుకుంది తన చేతులారానే అని, అంట్లు తోముతూ, బట్టలు మడతపెడుతూ, ఇన్నాళ్ళూ తన చేతుల్ని తనే అసహ్యించుకుంది.

రెండో వైపరూ తీసి, పాత కవరు ఊడదీసింది. దాని కింద కుళ్ళిన ఆకులు చెంచాతో తీసి, కొత్తది అమర్చి, రెండో వైపరుని దాని గుర్తు మీదే బిగించింది. తన వైపు వైపరుని టేపు దగ్గరికి తెచ్చి ఆగింది. ఆ గుర్తు మీద పెడితే కొత్త కవరూ పగులుతుంది. టేపు పీకేసింది. కడ్డీని వేలెడు పైకి జరిపి, రెండో వైపరుతో పోల్చి చూసుకుని, నట్టు బిగించింది. వైపర్లు ఆడించి చూసింది. చప్పుడు లేదు.

భర్త ఆవలిస్తూ గుమ్మంలోకి వచ్చి, కింద పడున్న టేపు ముక్క చూశాడు. "టేపు పీకేశావేం? ఎక్కడుందో అక్కడే పెట్టాలి. తెలీకపోతే అడగొచ్చుగా."

"అక్కడ పెడితే మళ్ళీ పగులుతుందండి. చూడండి." పాత కవరు ఎత్తి గీత చూపించింది.

ఆయన దాన్ని చూశాడు. తర్వాత ఆకాశాన్ని చూశాడు. "సర్లే, పాతవన్నీ తవ్వుకుంటే ఏమొస్తుంది. టీ పెట్టు."

ఆమె లోపలికెళ్ళి చేతులు కడుక్కుంది. సంచీ తెచ్చి వెనక సీట్లో పడేసి, స్టీరింగు ముందు కూర్చుంది. అద్దం మీద చినుకులు మొదలయ్యాయి.

"ఎక్కడికి?"

"అక్క దగ్గరికి."

"ఈ వానలో, హైవే మీద, నువ్వా? కూరగాయలకి వెళ్ళినట్టనుకున్నావా? ఉండు, చొక్కా వేసుకొస్తా. ఆ తాళం ఇటియ్యి."

ఆమె తాళం తిప్పింది. ఇంజను అందుకుంది.

"వస్తే రండి. నేనే నడుపుతాను," అంది. "తువ్వాలు ఆ సీటు కిందే ఉంది, కాళ్ళ కింద పరుచుకోండి. అటువైపు ఇంకా ఆరలేదు."