ఎవరికీ అక్కర్లేని లైట్‌హౌస్

1997 ఫిబ్రవరి. రేవు ముఖద్వారంలోని పాత లైట్‌హౌస్ కూల్చివేతకు మూడు రోజులే గడువుంది. దాని చరిత్ర రాసి పంపమని ఇంజనీరు త్రినాథరావుకు ఉత్తర్వు వచ్చింది. రాయడానికి పెద్దగా ఏమీ లేదు. దొరల కాలంలో కట్టారు, కొండ మీద కొత్త లైటు వచ్చాక ఆర్పేశారు. ఫారంలో ఒక్క గడి మిగిలింది: ఇప్పుడు ఎవరికైనా ఉపయోగపడుతోందా?

మధ్యాహ్నం జాలర్లను వలల షెడ్డు దగ్గరికి పిలిపించి అడిగాడు. ఒక్కరు ఉపయోగమేమిటో చెప్పి సంతకం పెట్టినా కూల్చడం ఆగుతుందన్నాడు.

ఇరవై రెండు పడవల వాళ్లూ తల అడ్డంగా ఊపారు. అందరికంటే ముందు ఊపినవాడు దాలయ్య.

అతను అబద్ధమాడాడు. నాలుగు మైళ్ల దూరాన సముద్రం అడుగున ఒక రాయి ఉంది. వంజరం చేపలు అక్కడే చేరతాయి. పడవలోంచి చూస్తే లైట్‌హౌస్ వెనక కొండ గండి సరిగ్గా రావాలి, అటు చర్చి శిలువ నీళ్ల ట్యాంకును తాకాలి. అక్కడ వల దింపాలి. తండ్రి చివరి రోజుల్లో చెప్పిన గురుతు అది. సొంత తమ్ముడికి కూడా దాలయ్య చెప్పలేదు. ఇప్పుడు లైట్‌హౌస్ పోతే రాయి దొరకదు. నోరు విప్పితే రాయి అందరిదీ అవుతుంది.

జనం కదిలారు. కామరాజు మాత్రం ఒడ్డున నిలబడి, ఒక కన్ను మూసి, లైట్‌హౌస్ వైపే చూస్తున్నాడు. దాలయ్య ఆగిపోయాడు. గురుతు పట్టేవాడు తప్ప అలా ఎవరూ కన్ను మూయరు. అంటే ప్రతివాడికీ ఒక రాయి ఉంది. పక్కవాడికి తెలిసిపోతుందని అందరూ కలిసి ఆ స్తంభాన్ని కూలగొడుతున్నారు.

దాలయ్య ఇంజనీరు జీపు వైపు నడిచాడు. అల్లుడు నాగబాబు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"సెప్పకు మావా. రేపు అన్ని పడవలూ మన రాయి మీదే ఉంటాయి."

"సెప్పకపోతే మన పడవెక్కడుంటాదిరా?"

గండి, శిలువ గురుతులు రెండూ ఇంజనీరుకు గట్టిగానే చెప్పి సంతకం పెట్టాడు. వెళ్తున్న జాలర్లు ఆగి విన్నారు.

లైట్‌హౌస్ నిలిచింది. మర్నాడు ఉదయం దాలయ్య వెళ్లేసరికి రాయి మీద తొమ్మిది పడవలున్నాయి. కామరాజు తన వల కాస్త పక్కకు లాగాడు.

"ఇలా రా బావా, సోటుంది."

"నా రాయి మీద నాకే సోటిత్తన్నావా? మరి నీ గురుతేటో సెప్పు."

కామరాజు తాడు సర్దుకుంటూ, తనకలాంటివేవీ లేవన్నాడు.

నాగబాబు ఏదో అనబోయాడు. దాలయ్య వద్దని సైగ చేసి, ఆ సందులోనే వల దింపాడు.