రెండు క్యాన్ల బరువు

మస్తానయ్య కుడి కంటికి ఆత్మకూరులో శుక్లం తీశారు. బండి నడపొచ్చుగానీ, కంటికి గాలి, దుమ్ము తగిలితే మళ్ళీ మొదటికొస్తుందని డాక్టరు గట్టిగానే చెప్పాడు. మస్తానయ్యకు పాల బండే బతుకు. పొద్దున్నే ఉదయగిరి టీ కొట్లకు పాలు వెయ్యకపోతే ఆ వాడుకలు ఇంకొకడు తన్నుకుపోతాడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నా కింది సందులోంచి గాలి దూరుతూనే ఉంది. అందుకని ఉదయగిరిలో మెకానిక్ రాజమోహన్ దగ్గర మోటారుసైకిలుకు ముందు విండ్‌షీల్డ్ అద్దం బిగించుకున్నాడు. ఎత్తూ వాలూ మార్చుకోవడానికి దానికి రెండు పక్కలా బోల్టులున్నాయి. ఆ రోజు ఇంటికొచ్చేదాకా కంటికి చిన్న గాలి కూడా తగల్లేదు. మనిషి పెళ్ళికొడుకులా దిగాడు.

మర్నాడు పాలతో పోతుంటే గాలి నేరుగా మొహానికే కొట్టింది. కన్ను ఎర్రబడి నీళ్ళు కారాయి. రోజూ ఇదే తంతు. ఇక బండి అమ్ముకోవడమేనని మస్తానయ్యకు భయం పట్టుకుంది. ఆ భయమంతా కోపమై రాజమోహన్ మీదికి మళ్ళింది.

"వాడొక మెకానిక్కా! సైకిళ్ళకు గాలి కొట్టుకోమను!"

మేకలకు కొమ్మ వేస్తున్న భార్య దేవకమ్మ అంతా విన్నది. "వచ్చేటప్పుడు కన్ను బాగానే ఉంటాదిగా మామా. పోయేటప్పుడేగా నీళ్ళు కారేది! పాల క్యాన్ల బరువుకు వెనక దిగతాది, ముందు లేస్తాది. ఆ అద్దం వెనక్కి వాలిపోదా?"

మస్తానయ్య తల గోక్కున్నాడు. నిజమే. రాజమోహన్ అద్దం వాలు సరిచూసింది ఖాళీ బండి మీద.

"అయితే క్యాన్లలో నీళ్ళు పోసి చూస్తా," అని లేచాడు.

"నీళ్ళెందుకు? నేను లేనా? రెండు క్యాన్ల బరువు నాకు లేదా ఏంది?" అంటూ ఆమె చేతులు కడుక్కుని వచ్చింది.

అప్పుడు తట్టింది అతనికి. ఆ బండి కొన్నాక వెనక క్యాన్లు ఊరేగాయి, తవుడు మూటలు ఊరేగాయి, ఒకసారి మేకపోతు కూడా ఊరేగింది. దేవకమ్మ ఎక్కలేదు. సిగ్గేసింది. క్యాన్లు దించి సీటు తుడిచాడు.

రోడ్డెక్కగానే గాలి కంటికే కొట్టింది. ఆపి, బోల్టులు వదులు చేసి, విండ్‌షీల్డ్‌ను కొంచెం నిలువు చేశాడు. మళ్ళీ పోయారు. ఈసారి గాలి తలగుడ్డను రాసుకుంటూ పైనుంచే వెళ్ళిపోయింది. స్పీడు పెంచాడు. కంట్లో తడి లేదు. ఇక బండి అమ్మక్కర్లేదు. మస్తానయ్య గుండె కుదుటపడింది.

"సరిపోయిందా మామా? ఇంక ఇంటికి తిప్పుదామా?" అంది వెనక నుంచి దేవకమ్మ. ఆ గొంతులో దిగులు అతనికి తెలిసింది.

"యాడ సరిపోయింది? ఇంకా తగుల్తానే ఉండాది. ఆత్మకూరు దాకా పోతేగానీ తెల్దు," అని నిలువునా అబద్ధమాడి మస్తానయ్య గేరు మార్చాడు.