గంగాలమ్మ ఒప్పుకోలేదు

పెందుర్తి అవతల ఆ ఊరి పొలాల కింద అప్పటికే ఒక గ్యాసు గొట్టం ఉంది. ఒక ఏడాది గ్యాసు కంపెనీ దాని పక్కనే రెండోది వేస్తానంది. చట్టప్రకారం ముందు జనం అభ్యంతరాలు వినాలి. ఆ పనికి దేవకుమార్ అనే ఆఫీసరుని వేశారు. ఆయన కబురు పెడితే, తలయారి కొండలరావు డప్పు కొట్టి టూకీగా చెప్పేశాడు.

"రేపు బళ్ళో మీటింగు! ఊరికి గొట్టం వత్తంది!"

మర్నాడు దేవకుమార్ జీపు దిగేసరికి బడి ముందు ఆడవాళ్ళంతా బిందెలతో బారులు తీరి ఉన్నారు. ఏ ఊళ్ళోనూ ఆయన సభకి నలుగురికి మించి రాలేదు. సంబరపడిపోయాడు.

"అభ్యంతరాలు చెప్పడానికేనా అమ్మా?"

"అభ్యంతరం ఏటి బాబూ? ఎప్పుడొదిల్తే అప్పుడే పట్టుకుంతాం," అంది ముందున్న గంగాలమ్మ.

అప్పుడర్థమైంది ఆయనకి. వచ్చేది నీళ్ళ గొట్టం కాదనీ, గ్యాసుదనీ మెల్లగా చెప్పాడు. అందరూ కొండలరావు కోసం వెతికారు. అతను అప్పటికే జీపు చాటుకి చేరాడు.

"పోనీ, ఆ గ్యాసు మా పొయ్యిల్లోకొత్తాదా?" అంది గంగాలమ్మ.

"రాదమ్మా. ఫ్యాక్టరీలకి."

"మరి మాకేటొత్తాది?"

దేవకుమార్ అబద్ధం ఆడలేని మనిషి. "గొట్టం మీద చెట్లు వెయ్యకూడదు, ఇల్లు కట్టకూడదు," అన్నాడు.

గంగాలమ్మ బిందె బోర్లించి దానిమీద కూర్చుంది. "అయితే రాసుకోండి. నాను ఒప్పుకోను. ముందు మాకు నీళ్ళివ్వండి."

"నీళ్ళ సంగతి నా చేతిలో లేదమ్మా. నేను అభ్యంతరాలు వినడానికే వచ్చాను."

"అదే గదా, ఇనండి మరి!"

ఇక అందరూ అదే పాట. ఒక్కొక్కరిదీ విడిగా వినాల్సిందే. ముసలి సన్యాసమ్మ మాత్రం తన అల్లుడి మీద కూడా అభ్యంతరం చెప్పింది. పాపం, అదీ రాసుకున్నాడు.

మధ్యాహ్నానికి గొంతెండి మంచినీళ్ళడిగాడు. గంగాలమ్మ గ్లాసుతో తెచ్చింది. గుక్కెడు నోట్లో పోసుకున్నాడు. ఉప్పు కషాయం! ఊరంతా చూస్తుంటే ఉమ్మలేక, కళ్ళ నీళ్ళతో మింగాడు.

"రోజూ ఇవేనా తాగేది?"

"ఇవి సుట్టాలకిచ్చీవి బాబూ. మేం తాగీవి ఇంకా ఉప్పగుంతాయి."

నీళ్ళు లేవన్నది చట్టం ఒప్పుకునే అభ్యంతరం కాదు. అన్నిటినీ ఆయనే కొట్టేయాలి. కొట్టేసే ముందు కంపెనీ ఇంజనీరు శ్రీరామ్మూర్తిని అదే ఊరికి తీసుకెళ్ళి, గంగాలమ్మ ఇంటిముందు కూర్చోబెట్టి, "ఎండన పడి వచ్చారు, మంచినీళ్ళు తాగండి," అన్నాడు. ఇంజనీరు తాగాడు. కళ్ళు తుడుచుకుని, బోరుకి ఎంతవుతుందో లెక్క వేయడం మొదలెట్టాడు.

గొట్టానికి గొయ్యి తవ్వకముందే కంపెనీ ఊరి ఎగువన బోరు వేసింది. తియ్యటి నీళ్ళు పడ్డాయి. తర్వాత గొట్టం వేస్తుంటే ఎవరూ అడ్డుపడలేదు.

ఆ నెలాఖరున పక్కూళ్ళో సభ పెడితే బడి పట్టనంత జనం వచ్చారు. వాళ్ళకి రోడ్డు కావాలట. గంగాలమ్మ కూడా వచ్చింది, అభ్యంతరం ఎలా చెప్పాలో వాళ్ళకి నేర్పడానికి.