తోడుకు దాచిన కణాలు

కోమలవల్లి ఇంక్యుబేటర్ తలుపు తీసి సీసాలను వెలుతురుకు పట్టుకుని చూసింది. లేత గులాబిరంగులో తేటగా ఉండవలసిన ద్రవం పసుపుపచ్చగా మారి కుడితిలాగా ఉంది. అందులో వారాల తరబడి పెంచిన కణాలన్నీ పోయినట్టే. సీసాల మెడలకు కుంకుమబొట్లు ఉన్నాయి.

అది 1984 వేసవి. తిరుమల దర్శనానికి వచ్చిన బెంగుళూరు ప్రొఫెసర్ కృష్ణమూర్తి ఆ రోజు మధ్యాహ్నం కొండ దిగి, ఈ కణాలు చూడటానికి యూనివర్సిటీకి వస్తానన్నారు. నచ్చితే తన ల్యాబులో పోస్ట్ డాక్టొరల్ పరిశోధనకు చోటిస్తారు. డాక్టరేటు వచ్చాక కూడా కోమలవల్లి తాత్కాలికపు ఉద్యోగంలో పిల్లల చేత కప్పలు కోయిస్తూనే ఉంది. ముప్పై దాటిన పొట్టి మనిషి, ఎవరి కంటా పడదు. సాయంత్రం తలకు పోసుకుంటే తప్ప తల్లి రంగనాయకి వంటింట్లోకి రానివ్వదు. కణాలు కోడిగుడ్డులోంచి తీసినవని ఇంట్లో ఇంకా చెప్పనేలేదు.

ఊడ్చే మునిరత్నమ్మ గుమ్మంలో నిలబడింది.

“నిన్న సాయంత్రం బొట్టు పెట్టింది నేనేనమ్మా. పెద్దసారు వస్తాడు గదా, బాగా పెరగాలని మూత తీసి కొండ తీర్థం రెండు సుక్కలు ఏసినాను. ఏమన్నా అయిపోయిందా?”

కోమలవల్లికి కోపం ముంచుకొచ్చింది. కానీ కళ్లనీళ్లు పెట్టుకున్న ఆ ముఖం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. ఈ ల్యాబులో తన కోసం దేవుడికి మొక్కిన మనిషి ఈమె ఒక్కతే.

“మనకు మంచిదే గానీ, తీర్థం వాటికి పడదు మునిరత్నమ్మా. ఏడవొద్దు. బోటనీలో ఇంకోటి ఉండాది.”

రంగనాయకి రోజూ తోడుకు పెరుగు దాచుకోవడమే కాక, పిల్లి ముట్టినా ఇబ్బంది లేకుండా పక్కింట్లోనూ ఒక గిన్నె ఉంచుతుంది. కూతురికీ అదే అలవాటు. కణాలను కొత్త సీసాలోకి మార్చినప్పుడల్లా కొన్నిటిని బోటనీవాళ్ల ఇంక్యుబేటర్లో దాచేది. తోటివాళ్లు చాదస్తమని నవ్వేవాళ్లు. ఇప్పుడు ఎండలో పరుగెత్తి, ఆ సీసాను కొంగులో చుట్టి తెచ్చుకుంది. తేటగానే ఉంది!

కృష్ణమూర్తి నున్నటి గుండుతో వచ్చి మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు. తర్వాత ఆయన దృష్టి మూలనున్న చెడిన సీసాల మీద పడింది.

“అవేమిటమ్మా?”

మునిరత్నమ్మ చీపురు పట్టుకుని బిగుసుకుపోయింది.

“చెడిపోయినాయి సార్. నా గదిలో జరిగింది, బాధ్యత నాదే. మీరు చూసినవి వేరేచోట తోడుకు పెట్టుకున్నవి.”

“తోడుకా!” ఆయన పెద్దగా నవ్వారు. “మా దగ్గరా చెడిపోతుంటాయి. ఇట్లా దాచుకునేవాళ్లే తక్కువ. వచ్చే నెల వచ్చి చేరండి.”

కోమలవల్లి సంతోషం పట్టలేక ఏడ్చేసింది. ఆయనే కంగారుపడ్డారు.

మరుసటి నెల ఒకనాటి తెల్లవారుజామున ఆమె బెంగుళూరు బస్సెక్కి వెళ్లిపోయింది. ఆ ఉదయం మునిరత్నమ్మ మామూలుగానే ల్యాబు ఊడ్చింది. మైక్రోస్కోపు బల్ల ముందు, ఎత్తు చాలక కోమలవల్లి ఎక్కి నిలబడే పనసచెక్క పీట అట్లాగే ఉంది. దాన్ని ఎత్తి, కింద ఊడ్చి, మళ్లీ అక్కడే పెట్టింది. రెండు పాదాలు ఆనినంత మేర పీట నున్నగా మెరుస్తోంది.