ఇపాను పిలిచే గొంతు

పెదవి దాటబోయిన పిలుపును తకామె గొంతులోనే నొక్కేసుకుంది. నెత్తి మీంచి వీపు మీదికి వేలాడే వలసంచి నిండా చిలగడదుంపలున్నాయి. పొద్దున్నుంచి పరాయి తోటలో కాఫీ కాయలు కోస్తే వచ్చిన పదిహేను కీనాల కూలి డబ్బు నడుముకు కట్టుకుంది. వాకిట్లో ఆరుగురు మగాళ్లున్నారు. మధ్యలో బావగారు పియాకైన్, చేతిలో కొత్త తాడు. ఆ తాడు ఎవరి కోసమో ఆమెకు అర్థమైంది.

నెల కిందటి కొట్లాటలో పొరుగు తెగ మనిషి ఒకడు చచ్చిపోయాడు. ఆ కయ్యం రాజేసింది పియాకైనే. పరిహారంగా ముప్పై పందులిస్తామని సభలో మాటిచ్చిందీ అతనే. ఊరి మైదానంలో ముప్పై గుంజలు పాతితే ఇరవై తొమ్మిదింటికి పందుల్ని కట్టేశారు. వాటిని సాకింది ఆడవాళ్లు, రేపు వాటిని అప్పజెప్పే సభలో పేరు మోగేది అతనిది. సొమ్మొకడిది, సోకొకడిది.

"వచ్చావా మరదలా! నీ మహారాణి ఎక్కడే?" అన్నాడు పియాకైన్. "బస్తాడు దుంపలు చల్లాం. ముట్టె కూడా చూపించలేదు. నీ గొంతు వింటే తప్ప రాదంటగా. పిలువు."

"పిలవవే," అన్నాడు మొగుడు కెపా నేల చూపులు చూస్తూ. అతని చేతిలో గొడ్డలికి బిగించే కర్ర, కామ ఉంది.

రెండేళ్ల కిందట వాగు పక్కన వానలో వణుకుతూ దొరికిన బక్క పందిపిల్ల అది. వాళ్ల భాషలో నీళ్లకు ఇపా అంటారు. ఆ పేరే పెట్టింది. దుంప నమిలి నోటికందించింది, పొయ్యి పక్కన తనతో పడుకోబెట్టుకుంది, చంటిబిడ్డలా వలసంచిలో వేసుకుని చేలకు మోసింది. మొదటి రెండు నెలలు ముందుకాలికి తాడు కట్టేది. ఒకరోజు తాడు విప్పేసింది. ఆ తర్వాత పిలుపే అక్కర్లేకపోయింది. ఆమె నవ్వినా, ఎవర్నన్నా తిట్టినా, ఏడ్చినా, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది. "నీ మొగుడు కూడా ఇంత మాట వినడు కదే!" అని ఇరుగమ్మలు ఆటపట్టించేవాళ్లు. కొట్లాట రోజున తనూ అదీ రెల్లులో దాక్కున్నప్పుడు, ముట్టె మీద అరచెయ్యి పెడితే నోరెత్తకూడదని కూడా నేర్పింది.

"ఇది నీదే. దీని జోలికి ఎవరూ రారు," అని కెపా ఆమె అన్నదమ్ముల ముందు మాటిచ్చాడు. ఇపా ఇంకో పది రోజుల్లో ఈనుతుంది. పిల్ల ఒక్కోటి రెండొందల యాభై కీనాలు పలుకుతుంది. కూతురి నర్సు చదువు మొదటేడాదికి ఆ డబ్బే ఆధారం. తాను ఎరగని బతుకు కూతురికి దక్కాలని తకామె ప్రాణం కొట్టుకుంటోంది. అందుకే తెల్లారుతుండగానే ఇపాను కంచె అవతలి రెల్లులో దాచి వెళ్లింది.

ఇప్పుడు ఆ రెల్లు ఇరవై అడుగుల దూరంలో ఉంది.

'ఇవ్వను' అందామని నోరు తెరిచింది. అంతలోనే తట్టింది. ఇవ్వనన్నా ఆ గొంతే కదా. ఒక్క మాట వినపడితే చాలు, ఇపా తాడు దగ్గరికి తనంతట తనే నడిచి వస్తుంది. తకామె నోరు మూసుకుంది.

"ఏం, నోట్లో దుంప పెట్టుకున్నావా?" పియాకైన్ లేచాడు. "ఒరే కెపా, ఆడదాని చేత పందిని పిలిపించలేనోడివి, రేపు సభలో నా పక్కన నిలబడతావా?"

మిగతావాళ్లు నవ్వారు. కెపా మొహం కందిపోయింది.

"పిలువు తకామె," అన్నాడు. అతనిదీ భయమే. "నా పరువు తియ్యకు."

ఆమె తల అడ్డంగా ఊపింది. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో అతని మాటకు అలా తల ఊపడం అదే మొదటిసారి. గుండె దడదడలాడుతోంది. ఆ చప్పుడు కూడా రెల్లులోకి వినపడుతుందేమోనని భయమేసింది.

కెపా చేతిలోని కామ ఆమె భుజం మీద పడింది. దుంపలు వాకిలంతా దొర్లాయి. ప్రాణం పోతున్నంత నొప్పితో కేక లోపల్నుంచి తన్నుకొచ్చింది. తకామె మోకాళ్ల మీద కూలి, అరచేత్తో తన నోరు గట్టిగా మూసుకుంది, ఆ రోజు ఇపా ముట్టె మూసినట్టు.

రెల్లు కదిలింది. ఆగింది.

కెపా కామ మళ్లీ ఎత్తాడు. ఆమె చెయ్యి నోటి మీంచి తియ్యలేదు.